కృష్ణ లోతుకు ఒక రీలు దారం

మా చిన్నతనంలో రైలెక్కేది ఎక్కడికో పోవడానికి కాదు... నది దాటడానికి.

నాయిన గద్వాలలో ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాడు. దుకాణం మూసిన రోజు అమ్మను, నన్ను, చెల్లెను స్టేషన్‌కు తీసుకుపోయేవాడు. ప్యాసింజరు ఎక్కేవాళ్లం. కృష్ణ మీది వంతెన దాటాక ఒక చిన్న స్టేషన్లో దిగేవాళ్లం. అక్కడ అమ్మ సద్ది మూట విప్పేది... సద్ద రొట్టెలు, పల్లీల పొడి, ఉల్లిగడ్డ. తిని, తిరుగు బండిలో ఇంటికి. అదే మా విహారం.

వంతెన రాకముందే అమ్మ కొంగు ముడి విప్పి మా ఇద్దరికీ చెరొక పది పైసల బిళ్ల ఇచ్చేది. దండం పెట్టుకుని నదిలో వేయాలి. చెల్లె వేసి ఊరుకునేది. నాకు మాత్రం ఒకటే ఆరాటం... బిళ్ల అడుగుకు చేరడానికి ఎంతసేపు పడుతుంది? అసలు అడుగు ఎంత దూరంలో ఉంది?

నాయినను అడిగాను.

“నాకేం తెల్సురా? దిగి చూసినోడు ఎవడూ మళ్లొచ్చి చెప్పలే.”

అమ్మ ఇంట్లో మిషన్ కుట్టేది. తరువాతి సారి ఆమె దారపు రీలు ఒకటి జేబులో వేసుకుని బండెక్కాను. బిళ్లను జాకెట్టు గుడ్డ పేలికలో మూట కట్టి, దానికి దారం ముడి వేశాను. అడుగు తగలగానే దారం వదులవుతుంది... లాగి మూరలతో కొలవచ్చు. అన్నీ ఆలోచించాను. ఒక్కటే మరిచిపోయాను. రైలు ఆగదు.

వంతెన మీద మూట వదిలాను. అది కిందికి పోలేదు... వెనక్కి పోయింది. చేతిలో రీలు గిర్రున తిరిగింది. వెనక కిటికీ నుంచి కేక.

“ఎవడ్రా అది! నా మీసాలకు కుట్లేస్తున్నరు!”

తలపాగా చుట్టిన పెద్దాయన ఒకరు లేచి వచ్చారు. మీసాల నుంచి చెవి దాకా దారం. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయిన లేచి నిలబడ్డాడు.

“తప్పైంది పెద్దాయినా... పిల్లగాడు నది లోతు కొలుస్తుండు.”

“అట్లనా? ఎంతొచ్చిందిరా?”

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన మూట విప్పి బిళ్ల నా చేతిలో పెట్టాడు. “ఈ దారం పనికిరాదు కొడకా. ఈ పాలి జర మోటుది తే.”

“వానికి నువ్వొకడివి దొరికినవు,” అని అమ్మ ఆయన్నే కోప్పడింది. నాతో మాత్రం ఇల్లు చేరేదాకా దారం చిక్కులు తీయించింది.

పెళ్లైన కొత్తలో ఈ సంగతి నా భార్యకు చెప్పాను. అందరూ మీసాల దగ్గర నవ్వుతారు. ఆమె నవ్వలేదు. “ఇంతకీ లోతెంత?” అంది. తెలియదన్నాను. “తెల్వకుండ ఇన్నేండ్లు ఎట్ల ఊకున్నవ్?” అంది.

ఆమె పోయి ఏడాది దాటింది. అస్థికలు ఆ కృష్ణలోనే కలిపాను.

అప్పటినుంచి పాపను తీసుకుని ఆ వంతెన దాటలేదు. ఆరేళ్ల పిల్ల. తల్లిలాగే ప్రతిదాని గురించీ అడుగుతుంది. అమ్మను నదిలో కలిపారని పెద్దల మాటల్లో విన్నది. వంతెన మీద దాని గురించి అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు... అదే నా భయం.

పోయిన ఆదివారం తనే అడిగింది, రైలెక్కుదామని. రొట్టెలు నేను చేశాను. అంచులు మాడాయి.

వంతెన వచ్చింది. బండి చప్పుడు మారింది. పాప చేతిలో రూపాయి పెట్టాను. పిడికిలి బిగించి కిటికీ దగ్గర నిలబడింది.

“వెయ్యి తల్లీ.”

“అమ్మకు తగుల్తది గదా డాడీ?”

వంతెన సగం దాటింది.

“లోతెంతుంటది?”

“తెల్వదమ్మా. చిన్నప్పుడు కొలుద్దామని చూసిన. కాలే.”

చువ్వలకు ముఖం ఆనించి కిందికి చూసింది. “శానా లోతుంటే మెల్లగ పోతది. మెల్లగ పోతే నొప్పి పెట్టదు.”

చువ్వల మధ్య నుంచి చేయి చాచింది. విసరలేదు. పిడికిలి తెరిచింది... అంతే.

దిగాక రొట్టె తింటూ దారం కథ అంతా చెప్పించుకుంది. మాడిన అంచులు తుంచి నా పళ్లెంలో వేసింది. “మళ్ల వచ్చేటప్పుడు మోటు దారం తెద్దాం,” అంది.

ఇప్పుడు ఎన్నో బళ్లకు కిటికీలు తెరుచుకోవు. నది అద్దం వెనక నుంచి పోతుంది. మేము మాత్రం చువ్వలున్న ప్యాసింజరే ఎక్కుతాం. మోటు దారం కొని పెట్టాను.

మీ ఇంట్లో వంతెన మీద ఏం వేసేవాళ్లు? ఆ లోతు సంగతి మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి... ఇంట్లో ఒకరు ఇంకా అడుగుతున్నారు.