ద్రాక్షపందిరి కింద ఏడు రోజులు

మొన్న గాంధీచౌక్‌లో తోపుడుబండి మీద స్ట్రాబెర్రీలు కనబడితే, ఎర్రటి రంగుకు మోసపోయి ఒక పెట్టె కొన్నాను. రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోయి ఇవాళ పొద్దున తీసి చూస్తే, ఒక మూల పండు మీద బూడిదరంగు నూగు మొలిచి ఉంది. పక్క పండు ఇంకా ఎర్రగానే ఉంది కానీ, రెండూ ఆనుకున్న చోట మెత్తబడింది. కళ్లు చూపించుకోవడానికి వచ్చి వారం రోజులుగా మా ఇంట్లోనే ఉన్న చిన్నమ్మ, టీ గ్లాసు పట్టుకుని అంత దూరం నుంచే, "గది బూజు బిడ్డా. పక్కదానికి అంటుకుంటది, తీసెయ్" అన్నది. డాక్టరు ఆమెకు చూపు సగమే ఉందన్నాడు. ఆ సగం చూపుకు మా వంటింట్లో ఇంకేదీ ఆనదు కానీ ఆ బూజు మాత్రం ఆనింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చిన్నబాపు పేరు ఎవరమూ ఎత్తలేదు.

చిన్నబాపు అంటే మా బాపు తమ్ముడు. బోధన్‌కూ వర్నికీ నడుమ ఒక ఊళ్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు రెండు చలికాలాలు వాళ్లింట్లోనే ఉన్నాను. ఆయన పుట్టుకతో చెరుకు మనిషి. చక్కెర ఫ్యాక్టరీ కూతను బట్టి అన్నం తిని, కూతను బట్టి పడుకున్నవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక కొన్నాళ్లు ఆయనకు ఎప్పుడు ఆకలేస్తుందో ఆయనకే తెలియలేదని చిన్నమ్మ నవ్వుతూ చెప్పేది. ఆ రోజుల్లోనే రాష్ట్ర సరిహద్దు అవతల ఎవరిదో పెళ్లికి వెళ్లి, పెళ్లి సంగతి వదిలేసి అక్కడి ద్రాక్షతోటలు చూసి, తడి గోనెసంచిలో చుట్టిన పుల్లలతో తిరిగొచ్చాడు. చెరుకు కొట్టేసిన రెండెకరాల్లో రాతి కడీలు పాతించి, తీగెలు లాగి, పుల్లలు నాటాడు. ఊళ్లో వాళ్లు ఆయనను 'అంగూర్ పటేల్' అని పిలవడం మొదలుపెట్టారు. అందులో సగం వెక్కిరింతే అయినా ఆయన మాత్రం మీసం సవరించుకుని పలికేవాడు.

ఆ పందిరి కింద సాయంత్రాలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. బడి నుంచి వచ్చి చెప్పులు గట్టు మీద వదిలి లోపలికి వంగితే వెలుతురంతా పచ్చబడిపోయేది. చేతులు పచ్చగా, చీర పచ్చగా, చిన్నమ్మ ఇచ్చిన టీ కూడా పచ్చగా కనిపించేది. నెత్తి మీద గుత్తులు వేలాడేవి. కాలువ నీళ్ల చప్పుడు, తేనెటీగల రొద, ఎక్కడో ఎవరో బెల్లం వండుతున్న వాసన కలిసిపోయి, కూర్చున్న చోటే కళ్లు మూతలు పడేవి. పిల్లల నోటుపుస్తకాలు దిద్దుదామని తీసుకెళ్లి అవి తల కింద పెట్టుకుని నిద్రపోయిన రోజులే ఎక్కువ. లేచి చూస్తే ఎవరో ఒకరి లెక్కల పుస్తకం మీద ద్రాక్షరసం మచ్చ ఉండేది. మరునాడు ఆ పిల్లకు రెండు మార్కులు కలిపి పాపం కడుక్కునేదాన్ని.

నేను వెళ్లిన ఏడు మొదటి కాపు. అది మొత్తం కుళ్లిపోయింది. గింజ గింజకూ బూడిదరంగు నూగు, ముట్టుకుంటే పొగలా లేచే పొడి, పట్టుకుంటే తోలు జారిపోయే పండు. చిన్నబాపు మందు కొట్టలేదా అంటే, ఊళ్లో ఎవరూ కొట్టనంత కొట్టాడు. కాకపోతే పైరుకు కొట్టే అలవాటు చొప్పున నిచ్చెన వేసుకుని పందిరి పైనుంచి కొట్టాడు. మందంతా ఆకులు తాగేశాయి. చిన్నమ్మ పందిరి కిందికి వంగి, మెడ పైకెత్తి, "ఆకులకు తానం చేయించినవ్ గని గుత్తులకు ఒక్క సుక్కన్న తాకిందా? వంగి సూడు" అన్నది. ఆయన నడుము పట్టుకుని వంగి చూశాడు. బోధన్‌లో మందుల దుకాణాయన ఇంకో మాట చెప్పాడు. "పటేలా, గిది జరమొచ్చినంక ఏసుకునే గోలి గాదు. పూత మీదున్నప్పుడొకసారి, గుత్తి బిగుసుకోకముందొకసారి కొట్టాలె. గింజలన్నీ దగ్గరవడ్డంక లోపటికి మందెట్ల పోతది?" ఆ రాత్రి అన్నాల దగ్గర చిన్నమ్మ తేల్చి చెప్పింది. వచ్చే ఏడు కూడా ఇట్లాగే అయితే కడీలు పీకించి వరి వేయిస్తానన్నది. పొలం ఆమె పుట్టింటివాళ్లు ఇచ్చింది కాబట్టి ఆ మాటకు తిరుగు లేదు.

రెండో ఏడు చిన్నబాపు మనిషే మారిపోయాడు. పూత మీద కింది నుంచి, గుత్తి గుత్తికీ అందేలా మందు కొట్టాడు. గాలి ఆడాలని గుత్తుల చుట్టూ ఆకులు తీయించాడు. బిగుతుగా ఉన్న గుత్తుల్లోంచి గింజలు తీసెయ్యాలంటే అంత ఓపిక ఎవరికి ఉంటుంది? ఊళ్లో బీడీలు చేసే ఆడవాళ్లకు ఉంది. తునికాకు కత్తిరించే చిన్న కత్తెరలతో వాళ్లు వచ్చి, ముచ్చట్లు చెప్పుకుంటూనే, పక్క గింజకు గీత పడకుండా నడిమి గింజను తీసేవారు. మాఘమాసం దాటేసరికి తోట అంతా తేనెరంగుకు తిరిగింది. ధర్మాబాద్ వైపు నుంచి పండ్లు కొనడానికి వచ్చే ముసలి బేపారి తోట చూసి పై వారం శుక్రవారం కోతకు వస్తానని చెప్పి వెళ్లాడు. ఆ వారమంతా చిన్నబాపు నడిచినట్టు లేదు, తేలుతూ తిరిగాడు.

సోమవారం వాన పడింది. గట్ల మీద మోదుగుపూలు ఎర్రగా విరగబూసిన రోజుల్లో, ఎవరూ పిలవని వాన. చిన్నమ్మ మేనకోడలి పెళ్లికని బాల్కొండ వెళ్లి ఉంది. మంగళవారం ఎండ వచ్చింది కానీ, ఒక మూల నాలుగైదు గుత్తుల లోపల ఆ నూగు కనిపించింది. చిన్నబాపు బోధన్ వెళ్లి, పండు మీద మచ్చ పడని మందు తెచ్చాడు. కుళ్లినది బాగుపడదు, మంచిదానికి అంటుకోకుండా మాత్రం ఆగుతుందని దుకాణాయన చెప్పాడట. బుధవారం తెల్లవారి కొట్టేశాడు. అది అయ్యాక డబ్బా నా చేతికిచ్చి, ఏం రాసుందో చదవమన్నాడు. చీమల బారులాంటి అక్షరాలు. కిటికీ దగ్గరికి వెళ్లి కళ్లు చికిలించి చదివాను. మందు కొట్టాక ఏడు రోజుల దాకా కోయకూడదు, తినకూడదు.

చిన్నబాపు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. శుక్రవారానికి రెండే రోజులు. "గింత సన్నగ రాసిండ్రంటే గది పెద్ద ముచ్చట గాదు బిడ్డా. పెద్ద ముచ్చటయితే పెద్దగ రాయకపోయిండ్రా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. "మీ చిన్నమ్మకు చెప్పకు. బేపారి పోయినంక నేనే చెప్త" అన్నాడు. నేను తల ఊపాను. రోజూ బడిలో పిల్లలకు నిజం చెప్పాలని నేర్పేదాన్ని, అంత తేలిగ్గా ఊపాను. ఆయన ఆ ఏడంతా వంగి వంగి తిరిగిన నడుమే నా కళ్ల ముందు ఉంది, ఇంకేదీ లేదు.

గురువారం చిన్నమ్మ వచ్చింది. శుక్రవారం బేపారి బండి వచ్చింది. ఆయనకు ఒక పద్ధతి ఉంది. ఏ తోటకు వెళ్లినా ముందు తానే ఒక గుత్తి తెంపి, తోట మనిషి చేతిలో పెట్టి, "ఆధీ తుమ్హీ ఖా, పటేల్" అంటాడు. ముందు మీరు తినండి అని. కడగకుండా, అక్కడికక్కడే తినాలి. తిన్నాకే కత్తెరలు దిగుతాయి. చిన్నబాపు గుత్తి అందుకున్నాడు. ఒక గింజ తెంపాడు, నోటిదాకా తెచ్చాడు. తింటాడనే అనుకున్నాను, నిజంగానే తినేవాడు. అప్పుడు చిన్నమ్మ వెనక నుంచి వచ్చి, "ఏడాదంత నీళ్లు పెట్టింది నేను, ముందుగాల తినేది గీయననా?" అని నవ్వుతూ గుత్తి లాక్కుని ఒక గింజ పెదవుల మీద పెట్టుకుంది. నేను ఆమెకు జానెడు దూరంలో ఉన్నాను. నాకు మాట రాలేదు, చేయి రాలేదు. చిన్నబాపు ఒక్క దెబ్బ కొట్టాడు. గుత్తి ఎగిరి కడీకి తగిలి చిట్లింది. "తినకు! మందు కొట్టిన. బుధారం దాక తినొద్దు" అన్నాడు. ఆయన గొంతు అంత పెద్దగా ఆ ముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

బేపారి టోపీ తీసి దులిపి మళ్లీ పెట్టుకుని, "బుధారం వస్త" అని బండి తిప్పించుకుని వెళ్లిపోయాడు. వస్తాడని మాలో ఎవరూ నమ్మలేదు. చిన్నమ్మ పెదవి తుడుచుకుని, మొగుడి వైపు కాక నా వైపు చూసి, "నీకెరుకేనా బిడ్డా?" అని అడిగింది. ఎరుకే అన్నట్టు తల దించాను. ఆమె లోపలికి వెళ్లి ఒక బీడీ కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ ఐదు రోజులూ ఆడవాళ్లమంతా పందిరి కిందే ఉన్నాం. నూగు కనిపించిన గింజనల్లా కదపకుండా, పొడి లేవకుండా మెల్లగా కత్తిరించి, మూత ఉన్న బుట్టలో వేసి, దూరంగా గుంట తీసి పూడ్చిపెట్టాం. నీళ్లు ఆపేశాం. చిన్నబాపు మాతో కలవకుండా బుట్టలు మోస్తూ, గుంటలు తవ్వుతూ తిరిగాడు. ఒకరితో ఒకరు మాట్లాడని ఆ పచ్చటి వెలుతురులో కత్తెరల చప్పుడొక్కటే వినిపించేది. మూడో రోజు చిన్నమ్మ ఆయనకు టీ పంపింది, నా చేతనే. ఆయన గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, చక్కెర ఎక్కువైందన్నాడు. మాకు అది చాలా పెద్ద శుభవార్త.

బుధవారం పొద్దెక్కాక బేపారి వచ్చాడు. తోటలో మూడో వంతు గుంటల పాలైంది. ఆయన పందిరంతా తిరిగి, ఒక గుత్తి తెంపాడు. చిన్నబాపు చేయి చాపాడు కానీ, ఆయన ఇవ్వలేదు. తానే ఒక గింజ నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి, లోపలి విత్తనం ఉమ్మేసి, మిగతా గుత్తి చిన్నమ్మ చేతిలో పెట్టాడు. చిన్నమ్మ ఒకటి తిని, రెండోది నా నోట్లో పెట్టింది. ఆ పండంత తీయని పండు నేను మళ్లీ తినలేదు, అది మింగడానికి పడినంత కష్టం కూడా మళ్లీ పడలేదు.

కడీలు ఇంకొన్నేళ్లు నిలబడ్డాయి. చిన్నబాపు పోయాక అక్కడ వరి వేస్తున్నారు. చిన్నమ్మ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇవాళ పొద్దున బూజు పండు పారేశాక ఆమె పెట్టె చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నా వైపు జరిపి, "సన్నగ ఏదో రాసిండ్రు, నాకాన్తలేదు. సదువు బిడ్డా" అన్నది. కళ్లద్దాలు పెట్టుకుని, ఏ ఊళ్లో పండిందో, ఎన్నాళ్లు ఉంటుందో, ఎంత చల్లగా ఉంచాలో, ఒక్క అక్షరం వదలకుండా గట్టిగా చదివాను. ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. మందు పండు మీది నుంచి పోవడానికి ఏడు రోజులని అప్పటి మందు డబ్బా మీద రాసి ఉంది. సమయానికి చెప్పని మాట మనసు మీది నుంచి పోవడానికి ఎన్నేళ్లు పడుతుందో మాత్రం, ఎంత సన్నటి అక్షరాల్లోనూ నాకు ఎక్కడా కనబడలేదు.