ఎడారిలో పారేసిన కత్తి

ఐదో తరగతిని నేను వదిలేసినానో, అదే నన్ను వదిలించుకున్యాదో ఇప్పటికీ తేలలేదు. అందుకే ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినాక, అక్కడ పని వదిలేసి జోర్డాన్ పోయే బస్సులో నా పక్కన పుస్తకం చదువుకుంటా కూర్చున్న పెద్దమనిషిని చూస్తే అనుమానమే పుట్టింది. సికింద్రాబాద్ ఆంగ్లో ఇండియన్ అంట. ఒళ్లో సంచి మీదనుంచి చెయ్యి తీయడు. గూఢచారేమో అనుకున్నా.

"ఏముంది సార్, బంగారమా?"

సంచి కొంచెం తెరిచినాడు. తెల్ల అంగీ, నల్లపిడి కత్తి. "తెల్లదొరల మంత్రవిద్యకు" అన్నాడు మెల్లగా.

చెక్‌పోస్టులో కత్తి దొరికితే బస్సులో అందరినీ దింపేస్తారు.

"మా ఊరి మంత్రగాడికి నిమ్మకాయ, ఏదో ఒక కత్తి చాలు. దీన్ని పారేసి ఇంకోటి కొనుక్కో సార్."

"దొరల్లోనూ తాడుకు ముడేసి పని కానిచ్చేవాళ్లున్నారయ్యా. మా దారి వేరు. ఉపవాసముండాలి, ఘడియ చూడాలి, నేలమీద వలయం గీయాలి, దేవదూతల పేర్లు వరసగా పిలవాలి. కత్తిని కూడా ఆ తంతుతోనే సిద్ధం చేయాలి. ఒక్కటి తగ్గినా మంత్రం మొదలే కాదు."

"అయితే బస్సులో నీ మంత్రం పారదన్నమాట!"

ఆయన నవ్వలేదు. ముందర చెక్‌పోస్టుందని డ్రైవర్ అరవంగానే, కత్తిని నుదుటికి తాకించుకుని కిటికీలోంచి ఎడారిలోకి విసిరేసినాడు.

చెక్‌పోస్టులో సిపాయి ఆ అంగీని తుపాకీ గొట్టంతో ఎత్తి, ఇదేందని నన్నే అడిగినాడు. నా నోరు పెగల్లేదు. "ప్రార్థనకు" అని ఆయనే అరబ్బీలో చెప్పినాడు. వదిలేసినారు.

జోర్డాన్ క్యాంపులో మా రాయచోటి మస్తాన్‌కు జరిగిందంతా చెప్పి, "సిపాయికి భయపడి కత్తి పారేసినాడు, ఏం మంత్రగాడప్పా!" అని ఎగతాళి చేసినా.

మస్తాన్ టీ ఊదుకుంటా అన్నాడు: "నీ జోకులకు వలయం గీసే పని లేదు గదా, మరి ఆ సిపాయి ముందర ఒక్కటన్నా వేయలేకపోతివే?"