అమ్మాజీ సాక్ష్యం

ఓడలరేవు పక్కనున్న పల్లెపాలెంలో అమ్మాజీని అందరూ తాబేళ్లమ్మాజీ అంటారు. మొదట్లో వేళాకోళానికి పెట్టిన పేరు. పోనుపోను అది వేళాకోళమన్న సంగతి పిలిచేవాళ్లకీ గుర్తు లేదు, పలికే ఆమెకీ గుర్తు లేదు.

తమ్ముడు శివశంకర్ పుట్టిన పురిట్లోనే తల్లి పోయింది. అప్పటికి అమ్మాజీకి పదేళ్లుంటాయేమో. తండ్రి వేటకెళ్తే తనే గంజి కాచి, పిల్లాణ్ణి చంకనేసుకుని రేవులో రాలిన చేపలు ఏరుకొచ్చేది. పెళ్లి మాటలప్పుడు "మా తమ్ముడు కూడా నాతోనే వస్తాడు" అని తనే నోరు తెరిచి చెప్పింది. పెళ్లికొడుకు త్రిమూర్తులు నవ్వి "రానీ" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయనంటే ఆమెకి ఎనలేని గౌరవం. ఆయన ఎక్కువకాలం బతకలేదు. ఒక వానాకాలం కామెర్లొచ్చి పోయాడు. వాళ్లకి పిల్లల్లేరు. అప్పటికి శివశంకర్ బోటెక్కాడు. వల లాగే కళాసీగా చేరి, కొన్నాళ్లకి బోటు నడిపే సరంగయ్యాడు. వాడు సరంగయిన రోజున ఆకుపచ్చ రంగు వేసిన ఆ బోటు ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టింది అమ్మాజీయే.

చేపల గంప నెత్తిన పెట్టుకుని అల్లవరం, అక్కణ్ణించి అమలాపురం తిరిగీ తిరిగీ మోకాళ్లు అరిగిపోయాయి. ఆ సమయంలోనే అటవీశాఖ వాళ్లు ఊరి తీరాన తాబేలు గుడ్లు పొదిగించే కేంద్రం పెట్టారు. కేంద్రమంటే కట్టడమేమీ కాదు. సరుగుడు తోట పక్కన ఇసుకలో కర్రలు పాతి, చుట్టూ వల కట్టిన జాగా. దానికి సీజనులో కాపలా మనుషులు కావాలన్నారు. అమ్మాజీ చేరింది. తోడు కృపారావు అనే పెద్దాయన.

చలికాలంలో సముద్రపు తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. తెల్లవారుజామున వాటి జాడ పట్టుకుని వెళ్లి, కుక్కలూ నక్కలూ తవ్వేలోపల గుడ్లు తీసుకొచ్చి వలలోపల పాతిపెట్టాలి. నెలన్నర దాటితే పిల్లలొస్తాయి. మొదటిసారి ఇసుక కదిలి, బొటనవేలంత నల్లటి తల ఒకటి బయటికొచ్చినప్పుడు అమ్మాజీ కృపారావుని కేకేసింది.

"ఏవండీ! పిల్లలు లేచేయండీ! లేచేయి!"

"మరి లేవవాండీ, అందుకేగా పాతేం" అన్నాడాయన. కానీ ఆయనా పరుగెత్తుకొచ్చాడు.

ఇంత సంతోషం ఉన్న పనిలోనే ఇంకో పని కూడా ఉంది. ఏటా ఆ రోజుల్లోనే చచ్చిన తాబేళ్లు ఒడ్డుకి కొట్టుకొచ్చేవి. మెడ ఉబ్బి, కళ్లు బయటికొచ్చి ఉండేవి. వాటికి గొయ్యి తీసి పూడ్చడం కూడా కాపలావాళ్ల వంతే. ఎందుకిలా చస్తున్నాయని అటవీశాఖ బీట్ ఆఫీసరు రెబెకాని అడిగింది అమ్మాజీ.

"బోటు వెనక ఈడ్చుకెళ్లే ట్రాలు వలలో పడితే పైకొచ్చి ఊపిరి తీసుకోడానికి ఉండదండి. నీళ్లలోనే ఊపిరాడక పోతాయి" అంది రెబెకా. "చట్టంలో పులికెంత రక్షణ ఉందో వీటికీ అంతే ఉంది. వలలో పడ్డ తాబేలు బయటికి పోడానికి ఇనుప కమ్మీల చట్రం ఒకటి ఉంటది, టెడ్ అంటారు. ప్రతి ట్రాలు వలకీ అది ఉండాలి. ఒడ్డుకి ఎనిమిది కిలోమీటర్ల లోపల ట్రాలు వల లాగనే కూడదు."

అమ్మాజీ తమ్ముడు నడిపేది ట్రాలు బోటే.

ఆదివారం శివశంకర్ ఇంటికొచ్చినప్పుడు అన్నం పెడుతూ అడిగింది.

"ఒరే, మీ వలకి ఆ కమ్మీల చట్రం ఉందా?"

"ఉంది. ఓనరు గోడౌన్లో ఉంది" అన్నాడు నవ్వుతూ. అక్క నవ్వకపోవడం చూసి ముద్ద ఆపాడు. "అది కడితే తాబేలుతో పాటు చేపా పోద్దక్కా. చేప తగ్గిందంటే ఓనరు నన్ను దింపేసి ఇంకోణ్ణి ఎక్కిస్తాడు. ఆడూ కట్టడు. మరి నీ తాబేలుకి ఒరిగిందేంటి?"

"పోనీ దూరంగా అన్నా లాగరా. దగ్గర్లో లాగకూడదని చట్టం ఉందంట కదా."

"దూరం ఎల్లడానికి చట్టం డీజిలు పోయిస్తాదా?"

అమ్మాజీ కూర మళ్లీ వడ్డించింది.

తరువాతి జనవరిలో ఒకరోజు పొద్దున్నే, మంచు విడుతున్న వేళ, గట్టు మీదున్న అమ్మాజీకి ఒడ్డుకి బాగా దగ్గరగా ఒక బోటు కనిపించింది. వల దింపి నెమ్మదిగా లాగుతోంది. ఆకుపచ్చ బోటు. తన చేత్తో బొట్టు పెట్టిన బోటు. మర్నాడు తీరం వెంట ఎక్కడ చూసినా చచ్చిన తాబేళ్లే. ఒకదాన్ని కుక్కలు చీల్చేశాయి. దాని పొట్టలోంచి గుడ్లు జారి ఇసుకలో పడి ఉన్నాయి. ఇంకా పెంకు గట్టిపడలేదు. అమ్మాజీ కుక్కల్ని తరిమి, మోకాళ్ల నొప్పి కూడా మర్చిపోయి కింద కూలబడి, ఆ గుడ్లన్నీ చీర కొంగులోకి ఏరింది.

అప్పుడే వచ్చిన రెబెకా ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఇవి పాతితే పిల్లలవ్వవా మేడమ్?"

"అవ్వవండి. ఇంకా ఈడుకి రాలేదు."

అమ్మాజీ కొంగు అలాగే పట్టుకుని కూర్చుంది. కాసేపటికి రెబెకా అడిగింది. "నిన్న ఏదన్నా బోటు దగ్గరికి వచ్చిందాండి? కృపారావుగారు మంచులో ఏమీ కనపడలేదన్నారు."

"చెబితే ఎవరి మీద పడుద్దండి?"

"యజమాని మీదండి. బోటు ఆయనది, వల ఆయనది. పట్టుకోవలసింది అలాంటివాళ్లనే."

అమ్మాజీ బోటు పేరు చెప్పింది. దాని సరంగు తన తమ్ముడేనని కూడా, అడక్కుండానే చెప్పింది. రెబెకా రాసుకుంది. అమ్మాజీ సంతకం చేసి, కొంగులోని గుడ్లని ఆ తాబేలుతోనే పూడ్చిపెట్టింది.

బోటుని పట్టుకున్నారు. వలకి చట్రం లేదు. యజమాని మంచి ప్లీడరుతో వచ్చాడు. "చట్రం నేను కొనిచ్చాను. దూరంగా లాగమనే చెప్పాను. సరంగే నా మాట వినకుండా విప్పేశాడు" అన్నాడు. చట్రం కొన్నమాట నిజమే. మిగతాది నిజం కాదని చెప్పగలిగిన కళాసీలంతా ఆయన దగ్గర పనిచేసేవాళ్లే. యజమానికి ముందస్తు బెయిలొచ్చింది. శివశంకర్‌ని రిమాండుకి పంపారు.

ఆ రోజు నించీ పాలెంలో అమ్మాజీతో మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. "తాబేలు కోసం తోడబుట్టినోణ్ణి జైల్లో ఏయించింది" అని కొళాయి దగ్గర ఆమె వినేలాగే అనేవారు. శివశంకర్ భార్య శ్రీదుర్గ గుమ్మంలోకొచ్చి "నా మొగుడు నీ చేతుల్లో పెరిగేడు కదా వదినా" అంది. ఏడవలేదు, తిట్టలేదు. ఆ ఒక్క మాటా అని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు.

అమ్మాజీ జైలుకి వెళ్లింది. చేపల పులుసు తీసుకెళ్తే లోపలికి పంపనివ్వలేదు. శివశంకర్ ఆమెని చూడ్డానికి ఇష్టపడలేదని వార్డరు వచ్చి చెప్పాడు. ఆ పులుసు గిన్నెతోనే బస్సెక్కి తిరిగొచ్చింది.

బెయిలు మీద వచ్చాక శివశంకర్‌ని ఏ బోటువాళ్లూ ఎక్కించుకోలేదు. అల్లవరం దగ్గర రొయ్యల చెరువుల మీద కాపలాకి కుదిరాడు. సముద్రం మీద పెరిగినవాడు చెరువు గట్టు మీద మేత బస్తాలు మోశాడు. అక్కా తమ్ముళ్లిద్దరూ కాపలావాళ్లే అయ్యారని ఎవరో అన్నారట. ఆ మాట అమ్మాజీ చెవిన పడింది. ఆ పూట ఆమె అన్నం తినలేదు.

కొన్నేళ్లకి కేసు అమలాపురం కోర్టులో విచారణకొచ్చింది. చూసిన సాక్షి అమ్మాజీ ఒక్కతే. ముందురోజు రెబెకా వచ్చి "ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు" అంది. "ఆయ్, అలాగేనండి" అంది అమ్మాజీ.

బోనులో నిలబడ్డప్పుడు తమ్ముడు ఎదురుగానే ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి. యజమాని ఇస్త్రీ చొక్కాతో పక్కనే ఉన్నాడు.

"ఆ రోజు బోటు చూశారా?" అని సర్కారు ప్లీడరు అడిగాడు.

"చూసేనండి. ఆ బోటేనండి."

"నడుపుతున్నది ఎవరు?"

అమ్మాజీ తమ్ముడి వైపు చూసింది.

"మనిషిని చూడలేదండి."

"మీ తమ్ముడే సరంగని చెప్పి సంతకం చేశారుగా?"

"ఆ బోటుకి సరంగు మా తమ్ముడని చెప్పేనండి. ఆ పొద్దు ఆడే నడిపేడని నేను చూళ్లేదండి. గట్టు మీంచి బోటు కనపడద్ది గానీ మొహాలు కనపడవండి."

అది నిజమే. మొదట్నించీ అదే నిజం. తర్వాత యజమాని ప్లీడరు లేచి, మొహం కనపడని మంచులో బోటు మాత్రం ఎలా పోల్చారని అడిగి, ఆ మాటా ఈ మాటా లాగి, ఆ పోల్చడమే అనుమానంలో పడేశాడు. కేసు కొట్టేశారు. శివశంకర్ విడుదలయ్యాడు. యజమాని కూడా విడుదలయ్యాడు. వచ్చే పోయే జనం మధ్యలో ఆయన బోటుకి కొత్త సరంగు ఎవరో ఫోను చేస్తే, నవ్వుతూ మాట్లాడుకుంటూ కారెక్కాడు.

మెట్ల దగ్గర శివశంకర్ ఒక్క క్షణం ఆగాడు.

"ఇప్పుడు చెప్పిన మాటే ఆ రోజూ చెప్పుంటే సరిపోయేది కదక్కా" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు.

రెబెకా కోర్టు ఆవరణలో అమ్మాజీ పక్కన కూర్చుంది. "మీరు అబద్ధమేమీ చెప్పలేదండి" అంది. "యజమాని మీద పడుద్దని మీకు చెప్పింది నేను. నేననుకున్నట్టు జరగలేదు." ఆమెకి ఆ ఏడే బదిలీ అయింది. కొత్తగా వచ్చినవాళ్లు తర్వాతి సీజనుకి అమ్మాజీని పిలవలేదు. కోర్టులో కేసు పాడుచేసిన మనిషి అని పైనెవరో అన్నారట. పాలెంవాళ్లకి ఆమె తమ్ముణ్ణి పట్టిచ్చిన మనిషి.

పిలవకపోయినా ఆమె తీరానికి వెళ్లడం మానలేదు. చచ్చిన తాబేళ్లు ఆ ఏడాదీ వచ్చాయి. కృపారావు గొయ్యి తవ్వుతుంటే ఇంకో పార తీసుకుని తనూ తవ్వేది. "మీకు జీతం లేదు కదండీ" అంటే "ఇసుకంతా మీరొక్కరే తియ్యలేరు కదండీ" అనేది.

మొన్న ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం శ్రీదుర్గ వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి. గుమ్మం బయటే నిలబడింది.

"ఆయన మంగళూరు ఎల్లిపోయేరు వదినా. అక్కడ బోట్ల మీద పనుందంట. పొద్దున్నే ఎల్లేరు."

"నాకు చెప్పలేదే" అంది అమ్మాజీ. అనేశాక ఆ మాట ఎంత వెర్రిదో తెలిసింది.

"చెప్పొద్దన్నారు. అయినా నాకు మనసొప్పలేదు."

అమ్మాజీ చెప్పులేసుకోబోయింది. "బస్సు ఎప్పుడో ఎల్లిపోయింది వదినా" అంది శ్రీదుర్గ. అమ్మాజీ అలాగే గోడకి చేరగిలి నిలబడిపోయింది.

"పొద్దున్నించీ ఏదన్నా తిన్నావా?" అని అడిగింది అమ్మాజీ.

శ్రీదుర్గ తల అడ్డంగా ఊపింది.

అమ్మాజీ లోపలికెళ్లి రెండు కంచాలు కడిగింది.