మొదటి అంకె

మందుల షాపులకు మేం అమ్మే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి 1.4.7 లాంటి వెర్షన్ నంబరు వేసేది, ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే పెద్దాయన. మార్పు ఎంతదైనా బద్ధకంగా చివరి అంకె ఒక్కటే పెంచేవారు. అది పెరిగితే షాపుల కంప్యూటర్లు ఎవరినీ అడక్కుండా కొత్తదాన్ని దించుకునేవి.

ఒకసారి బాబాయ్ ఒకే ఒక్క లైను మార్చి, తేదీలో రోజు కన్నా నెల ముందు వచ్చేలా చేశారు. తెల్లారేసరికి ముప్పై షాపుల్లో పాత తేదీలు తారుమారై, మంచి మందులెన్నో గడువు తీరినవిగా కనిపించాయి. ఆ రోజంతా ప్రతి ఫోనూ ఆయనే ఎత్తి తిట్లు తిన్నారు.

మర్నాడు, ఇకనుంచి షాపుల పనికి అడ్డొచ్చే మార్పు ఒక్క లైనుదైనా సరే మొదటి అంకె పెంచాలని పట్టుబట్టారు. అది మారితే షాపువాళ్ళు సరేనంటేనే కొత్తది దిగుతుంది.

మేనేజరుకి ఒళ్ళు మండింది. "ఒక్క లైనుకి ఒకటి కాస్తా రెండైపోవాలా?"

"లైను మనదండీ, తిప్పలు వాళ్ళవి. ఆ అంకె వాళ్ళ కోసం."

బాబాయ్ రిటైరయ్యేనాటికి ఆ అంకె నలభై దాటింది. నవ్వేవాళ్ళు నవ్వారు. ఫోను మాత్రం మళ్ళీ అలా మోగలేదు.