వెళ్లకుండా రాసిన తేదీలు

పాస్టరునయ్యే గురుత్వాభిషేకం కోసం నేను పోగొట్టుకున్నవి లెక్కవేస్తే మూడు తేలాయి. దూలపల్లి ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ల స్టోర్‌కీపర్ ఉద్యోగం, మూడేళ్ల ఆదివారం సెలవులు, నా మాట మీద నాకున్న నమ్మకం. మొదటి రెండూ ఇష్టపడే వదులుకున్నాను.

మా ప్రెస్బిటేరియన్ సంఘంలో పాస్టరు కాబోయేవాడు ముందుగా ప్రతి ఇంటికీ వెళ్లి ప్రార్థన చేసి, ఇళ్ల పట్టికలో తేదీ రాయాలి. శామీర్‌పేట చుట్టుపక్కల మాకు అరవై నాలుగు ఇళ్లు. గడువులోపు యాభై అయిదే తిరగగలిగాను. మిగిలిన తొమ్మిదింటికి ఇంట్లో కూర్చుని తేదీలు వేశాను. లెక్క తెలిసినవాణ్ని కనుక ఎక్కడా అనుమానం రానివ్వలేదు.

అభిషేకం రోజు సంఘపెద్ద ఆ పట్టిక అందరి ముందూ చదివాడు.

"మన కొత్తయ్యగారు వాక్యమన్న మరుస్తడేమో గని లెక్క దప్పడు" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత పాస్టర్లు, పెద్దలు నా తల మీద చేతులుంచారు.

ఆరాధన అయ్యాక లాల్‌గడి మలక్‌పేట్ అవ్వ ఒకామె నా దగ్గరికి వచ్చింది. ఆమెది ఆ తొమ్మిది ఇళ్లలో ఒకటి.

"అయ్యగారూ, మీరొచ్చిన్నాడు నేను కలుపుకు పోయినట్టున్న. తాళం జూసి మర్లిపోయిన్రా? ఏమనుకోకుండ్రి."

"పర్వాలేదవ్వా" అన్నాను. తప్పు ఆమెదే అయినట్టు క్షమించి, తల మీద చెయ్యి పెట్టి దీవించాను. పాస్టరుగా అది నా మొదటి దీవెన.

ఆ తర్వాత ఎనిమిది ఇళ్లకు వెళ్లి నిజం చెప్పాను. ఆమె గడప దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. ఇప్పటికీ ఒక ఇల్లు బాకీ ఉన్నాను.