కిషన్‌బాగ్ గోడ ఆడిన ఆట

దయ్యం అన్న మాట వింటేనే నాకు నవ్వొచ్చేది. మా కార్వాన్ బస్తీలో ఎవరికి జ్వరమొచ్చినా నిమ్మకాయ కోసి, కుంకుమ పూసి, మూడు దారులు కలిసే చోట పారేసేవాళ్లు. నేను ఆ నిమ్మకాయల్ని కాలితో తన్నుకుంటూ పోయేవాణ్ణి. మా అమ్మ నెత్తి కొట్టుకునేది. ఇప్పటికీ ఎవరైనా దయ్యాన్ని చూశానంటే, ఆ పూట ఎంత కల్లు తాగావని ముందు అడుగుతాను. ఇది దయ్యం కథ అని నేను అనడం లేదు. ఏమిటని అడిగితే జవాబు కూడా నా దగ్గర లేదు.

నిజాం జమానా. రెండో పెద్ద యుద్ధానికి ఇంకా కొన్నేళ్లున్నాయి. మాది పాల వ్యాపారం చేసుకునే ఇల్లు. అయినా మా అన్న బాలయ్య, ఆయన వెనకే నేను, ఊళ్లో ఒక టెన్నిస్ క్లబ్బులో మార్కర్లుగా కుదిరాం. మార్కర్ అంటే జీతానికి ఆడేవాడు. జాగీర్దార్లు, పెద్ద అఫ్సర్లు ఆటకొస్తే వాళ్లకు ఎదురుగా నిలబడాలి.

మార్కర్ పని గెలవడం కాదు. దొర ఎంత చెత్తగా కొట్టినా ఆ బంతిని వెతికి పట్టుకొని, మళ్లీ ఆయన కుడిచేతికి, నడుం ఎత్తున, మెత్తగా అందించాలి. ఆయన పరుగెత్తకూడదు, ఆయాసపడకూడదు. చివర్లో ఆయన ఒకటి గట్టిగా కొడితే అందనట్టు నటించి "వాహ్ సర్కార్" అనాలి. ఏళ్ల తరబడి అలా చేశాక ఆ అలవాటు మనసులో కాదు, మణికట్టులోకి దిగిపోతుంది.

జీతం తీసుకునేవాళ్లను దొరల పోటీల్లోకి రానిచ్చేవాళ్లు కాదు. అంటే మేము ఎంత బాగా ఆడినా ఆటగాళ్లం కాదు, నౌకర్లం. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకునేది. అందుకే బొంబాయి సేటు ఒకాయన డబ్బుకు ఆడేవాళ్లతోనే ఒక జట్టు కట్టి ఊరూరా ఆటలు పెడుతున్నాడని తెలిసినప్పుడు, ఎగిరి గంతేసి పోయాను. విదేశాల నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు, మన క్లబ్బుల్లోని మార్కర్లు కొందరు. చలికాలమంతా రైళ్లలో తిరుగుతూ బెంగుళూరు, మద్రాసు, బొంబాయి, లాహోరు, కలకత్తా.

మొదటి సీజన్‌లో అన్నిచోట్లా ఓడిపోయాను. ఓడిన తీరు తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఎదుటివాడు ఒక మూలన ఉంటాడు, కోర్టు సగం ఖాళీగా ఉంటుంది. నేను తీరుబడిగా బంతిని తీసుకెళ్లి సరిగ్గా వాడి కుడిచేతికే పెట్టేవాణ్ణి! జనం ఘొల్లుమని నవ్వేవాళ్లు. కలకత్తాలో సేటు నన్ను పక్కకు పిలిచి, "మియా, ఖేల్ రహే హో యా పరోస్ రహే హో?" అన్నాడు. ఆడుతున్నావా, వడ్డిస్తున్నావా అని. వచ్చే ఏడు బొంబాయిలో మొదటి ఆట గెలిస్తేనే జట్టులో ఉంచుతానన్నాడు. లేకపోతే జన్మంతా క్లబ్బులో "వాహ్ సర్కార్" అనుకుంటూ బతకడమే.

సిగ్గుతో ఇంటికొచ్చాను. మళ్లీ అదే క్లబ్బు, అవే దొరలు. మధ్యాహ్నం క్లబ్బు మూసి ఉండే వేళ మాత్రం నాది. నది దాటి కిషన్‌బాగ్ వైపు పోతే పాడుబడ్డ దేవిడీ, అంటే జాగీర్దార్ల పాత భవంతి, ఒకటి ఉండేది. దాని వెనక గోడ ఎత్తుగా, గచ్చు చెక్కుచెదరకుండా, అద్దంలా ఉండేది. ముందున్న నేలను నేనే చదును చేసి పేడతో అలికాను. గోడ మీద నెట్ ఎత్తున బొగ్గుతో గీత గీశాను. రోజూ ఎండలో ఆ గోడతో ఆడేవాణ్ణి.

గోడతో ఆడటంలో వింతేమీ లేదు. మనం ఇచ్చిందే మనకు తిరిగొస్తుంది.

ఎండాకాలం మధ్యలో ఒకరోజు నేను బంతిని తిన్నగా కొట్టాను. అది గోడకు తగిలి, నేల మీద పడి, పైకి లేవలేదు. పాములా జారుకుంటూ నా ఎడమ పక్కనుంచి పోయింది. అది కోత బంతి. రాకెట్‌తో కింది నుంచి కోస్తేనే అలా వస్తుంది. గోడకు రాకెట్ ఎక్కడిది?

పెంకు ఏదైనా లేచిందేమోనని గోడంతా చేత్తో తడిమాను. నున్నగా ఉంది. బంతి మార్చాను. ఇంకోవైపు నిలబడ్డాను. నేను కుడికి కొడితే అది ఎడమకు పంపింది. నేను ఎడమకు పరుగెత్తితే కుడికి పంపింది. నేను లేని చోటికే పంపుతోంది. రాకెట్ చంకన పెట్టుకొని, వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చేశాను.

నా కళ్లను నేనే నమ్మక మరునాడు బాలన్నను వెంట తీసుకెళ్లాను. ఆయన గోడకు ఆనుకొని ఉన్న రాళ్ల మీద కూర్చుని బీడీ ముట్టించాడు. నేను ఆడటం మొదలుపెట్టాను. నాలుగు బంతులు వచ్చేసరికి ఆయన బీడీ కింద పడేసి లేచి నిలబడ్డాడు.

"అరే, ఏందిర తమ్మీ ఇది? గోడ నిన్ను ఉరికిస్తున్నది గదరా!"

"గందుకే నిన్ను పిల్సుకొచ్చిన అన్నా. నువ్వు గూడ ఒకసారి కొట్టి సూడు."

ఆయన కొట్టాడు. మామూలు గోడ. కొట్టినదల్లా కొట్టినట్టే తిరిగొచ్చింది. రాకెట్ నా చేతికిచ్చాడు. మళ్లీ మొదలు. బాలన్న మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఇగ సాలు, ఇంటికి పోదాం పా. అమ్మతోని దిష్టి తీపిస్త," అని నా చెయ్యి పట్టి లాగాడు.

దిష్టి తీయించుకున్నాను, కానీ గోడను వదల్లేదు. భయం లేక కాదు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఓడించాలని ఆడిన మొదటి ప్రత్యర్థి అది. నేను వడ్డిస్తే కనికరం లేకుండా శిక్షించేది. రోజూ ఓడిపోయి, ఆ కసితోనే, అది అనుకోని మూలకు కొట్టడం నేర్చుకున్నాను. అలా ఒక బంతి నిజంగా బాగా పడినప్పుడు, చెబితే నమ్మరు, అది గోడకు తగిలి తిరిగి రాలేదు. గోడ పాదం దగ్గరే చప్పుడు లేకుండా పడిపోయింది. అవతల ఎవరో అందుకోలేకపోయినట్టు!

ఆ వెంటనే కొట్టిన బంతి మాత్రం నా రొమ్ముకు గురిపెట్టినట్టు దూసుకొచ్చేది. ప్రతిసారీ అంతే. పాయింటు పోతే దానికి కోపం. కొన్నాళ్లకు ఆ కోపం వచ్చినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది కూడా.

దీపావళి దాటాక ఒకరోజు గోడ ఉన్నట్టుండి మామూలు గోడ అయిపోయింది. ఎన్నిసార్లు వెళ్లినా అంతే. పీడ వదిలిందని బాలన్న కొబ్బరికాయ కొట్టాడు. నాకు మాత్రం రెండు మూడు వారాలు అన్నం సయించలేదు. ఆ తర్వాత బొంబాయి రైలెక్కాను.

అక్కడ నా మొదటి ఆట రూడీ అనే కొత్త మనిషితో. ఐరోపా నుంచి అప్పుడే ఓడ దిగాడు. పొడుగ్గా, ఎండకు కందిపోయిన ముక్కుతో ఉన్నాడు. అంతకు ముందు నేనతన్ని చూసింది లేదు, విన్నదీ లేదు.

మొదటి గేములోనే ఒక బంతి పాములా జారుకుంటూ నా ఎడమకు వచ్చింది. నేను అప్పటికే అక్కడున్నాను. ఎందుకున్నానో నాకే తెలియదు, కాళ్లు వాటంతటవే వెళ్లాయి. ఖాళీ మూలకు కొట్టి పాయింటు గెలిచాను. తర్వాతి బంతి నా రొమ్ముకు గురిపెట్టినట్టు దూసుకొచ్చింది.

రాకెట్ దించి నిలబడిపోయాను. అది ఎవరి కోపమో నాకు తెలుసు.

అతను కూడా కొట్టడం ఆపేశాడు. నెట్ దాకా నడిచొచ్చి, నా మొహంలోకి అలాగే చూస్తూ నిలబడ్డాడు. అంపైర్ పిలిచేదాకా కదల్లేదు. జనం దానికీ నవ్వారు, మాకు నవ్వు రాలేదు. ఆ ఆట నేను గెలిచాను. సేటు వచ్చి వాటేసుకున్నాడు. ఆయనేమన్నాడో ఒక్క ముక్క వినపడలేదు.

రాకెట్లు సర్దుకుంటుంటే రూడీ మా డేరాలోకి వచ్చాడు. నాకు క్లబ్బు ఇంగ్లీషు వచ్చు, అతనిదీ అంతంత మాత్రమే. నువ్వు గోడతో ఆడతావా అని అడిగాడు. అవునన్నాను. అతను ఒక పెట్టె మీద కూలబడ్డాడు. తమ ఊళ్లో రొట్టెల బట్టీ వెనక ఒక గోడ ఉందనీ, రోజూ పొద్దున దానితో ఆడేవాణ్ణనీ చెప్పాడు. మాకు మధ్యాహ్నమైతే వాళ్లకు పొద్దున అని తర్వాతెప్పుడో క్లబ్బులో ఒక మాస్టరుగారు చెప్పగా తెలిసింది.

అప్పుడు రూడీ ఇంకో మాట చెప్పాడు.

"మొదట్లో ఆ గోడ నేనెటు కొట్టినా నా కుడిచేతికే తెచ్చి ఇచ్చేది. నడుం ఎత్తున. మెత్తగా. నేను పరుగెత్తకూడదన్నట్టు. ఎండాకాలం చివర్లో నన్ను ఓడించడం మొదలుపెట్టింది."

ఇంకేం చెప్పాలి? ప్రపంచంలో అలా ఎవరు ఆడతారు? మార్కర్ తప్ప!

ఆ సీజన్ అంతా కలిసి తిరిగాం. లాహోరులో అతను గెలిచాడు, కలకత్తాలో నేను గెలిచాను. ఇద్దరమూ ఒకరికొకరం ఒక్క పాయింటు కూడా వదిలిపెట్టలేదు. ఓడ ఎక్కేటప్పుడు అతను చెయ్యి కలిపి, అరచేత్తో గాలిలో గోడను తట్టినట్టు చూపించి నవ్వాడు. ఎండలు ముదిరాక కిషన్‌బాగ్ గోడ మళ్లీ ఆడింది.

అంతలో యుద్ధం వచ్చింది. ఓడలు ఆగాయి, సేటు జట్టు చెదిరిపోయింది. నేను మళ్లీ క్లబ్బులో చేరాను. పొద్దునా సాయంత్రం నౌకర్ని. మధ్యాహ్నం గోడ ముందు మాత్రం ఆటగాణ్ణి. ఆ ఒక్క పూట కోసమే బతికాననుకోండి.

తర్వాత గోడ చాలాకాలం ఊరుకుంది. అతను పటాలంలోకి పోయి ఉంటాడనుకున్నాను. అయినా రోజూ వెళ్లి ఒక బంతి కొట్టి చూసేవాణ్ణి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం బంతి పాములా జారుకుంటూ వచ్చింది. సంతోషం పట్టలేక గట్టిగా కేకేశాను.

కానీ ఏదో తేడాగా ఉంది. ఒక పక్కకు కొడితే ఎప్పటిలాగే తిప్పికొడుతున్నాడు. రెండో పక్కకు కొంచెం దూరంగా పడితే చాలు, బంతి గోడ పాదం దగ్గర పడిపోతోంది. బద్ధకమా అనుకున్నాను. ఇంకో నాలుగు బంతులకు అర్థమైంది. అతను పరుగెత్తలేకపోతున్నాడు. కాలికి ఏదో అయింది.

నా మణికట్టుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బంతి తీసుకెళ్లి అతని కుడిచేతికి, నడుం ఎత్తున, మెత్తగా పెట్టాను. వెంటనే అది నా మొహానికి వచ్చి తగిలింది. పెదవి పగిలింది. మళ్లీ మెత్తగా ఇచ్చాను. మళ్లీ మొహానికే.

"ఏం జెయ్యమంటవయ్య మరి? ఉరకనీకి శాత కాదు గద నీకు!" అని నడి ఎండలో గోడ మీద అరిచాను. ఏడుపు కూడా వచ్చింది. నెత్తురు తుడుచుకొని నిలబడ్డాను. నేనైతే ఏం కోరుకుంటానో ఆలోచించాను. సరే అని, నిజంగా ఆడాను.

అబ్బ, ఏం ఆడాడు! ఉన్నచోటి నుంచి కదలకుండా నన్ను కుక్కలా తిప్పాడు. చాలా పాయింట్లు అతనివే. చివరికి ఒక బంతిని గోడకు దగ్గరగా వేశాడు. పరుగెత్తి అందుకున్నాను. అతను రాలేని పక్క మొత్తం ఖాళీగా ఉందని నాకు తెలుసు. అక్కడికే కొట్టాను. బంతి గోడ పాదం దగ్గర పడి ఆగింది.

ఇక రొమ్ముకు వస్తుందని కాచుకొని బంతి కొట్టాను. రాలేదు. మామూలుగా వచ్చింది. ఇంకోటి కొట్టాను. మామూలే. పొద్దుగూకేదాకా కొట్టాను.

ఇంటికెళ్తే నా పెదవి చూసి బాలన్న, "ఎవరు గెల్సిన్రు తమ్మీ?" అన్నాడు. కుండలో నీళ్లు ముంచుకొని పెదవి కడుక్కున్నాను. యుద్ధం అయిపోయాక బొంబాయి వెళ్లి సేటును అడిగాను. రూడీ ఉన్నాడో లేడో ఆయనకూ తెలియదు. ఎవరూ చెప్పలేకపోయారు. అసలు రెండు దేశాల గోడల మధ్య ఏం జరిగిందో, ఆ రోజు ఖాళీ పక్కకు నేను కొట్టిన బంతితో అతనికేమైందో, ఇన్నేళ్లు ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మధ్యాహ్నం పూట కిషన్‌బాగ్ వెళ్లేవాణ్ణి. ఎంత గట్టిగా కొట్టినా, ఎంత కసిగా కొట్టినా, ఆ గోడ మార్కర్‌లా బంతిని బుద్ధిగా తెచ్చి నా కుడిచేతికే ఇచ్చేది.