ఓనరమ్మ చింపిన కాగితం

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పోయిన వారం ఒక మెసేజ్ వచ్చింది. లిఫ్టు పక్కనున్న పుస్తకాల అరను దాని తాలూకు వాళ్లు రెండు రోజుల్లో తీసేయాలట, అక్కడ పార్సిళ్లు పెట్టుకోవడానికి ర్యాక్ వేయిస్తారట. కింద వరసగా బొటనవేళ్ల బొమ్మలు పడ్డాయి. ఆ తాలూకు వాళ్లంటే నేనే. దవాఖానాలో నర్సుగా రిటైరై ఎల్బీనగర్‌లో ఈ ఫ్లాటుకు వచ్చాక, ఊరికే కూర్చోలేక, నా పుస్తకాల్లో సగం కిందికి మోయించి, తీసుకెళ్లి చదివి మళ్లీ తెచ్చిపెట్టండి అని అట్టముక్క మీద రాసి తగిలించాను. ఏడాది దాటింది, ఒక్కరు ముట్టుకుంటే ఒట్టు. పై అరలో వాచ్‌మన్ హెల్మెట్లు పెట్టాడు, కింది అరలో ఎవరో మహానుభావుడు బురద చెప్పులు పెట్టాడు. ఆ చెప్పులాయన్ని పట్టుకుని నాలుగు దులిపాను గానీ, నిజానికి నా ఒళ్లు మండింది పుస్తకాల్లో ఒక్కటి కూడా పోనందుకు.

నా ఈడువాళ్లకు ఈ మాట కొత్తగా ఉండదు. మన రోజుల్లో బయట పెట్టిన పుస్తకం పొద్దు గూకేదాకా ఉండేదా? అరువిచ్చిన పుస్తకం కోసం తిరిగి తిరిగి చెప్పులు అరిగేవి, అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు పడిపోయేవి, ఆ కోపంతో పెళ్లికి పిలవడం మానుకున్న ఇళ్లు కూడా నాకు తెలుసు. నేను కూడా ఒక్క కాగితం కోసం ఒకావిడ మీద పెంచుకున్న కోపాన్ని ఇప్పటిదాకా మోస్తూనే ఉన్నాను, దించే ఉద్దేశం కూడా లేదు.

ఉద్యోగం వచ్చిన కొత్తలో అమ్మా నేనూ నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి సరూర్‌నగర్ పాత ఊళ్లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఓనరమ్మ వాళ్లు పొలాలున్న ఆసాములు, ఆ పొలాలు ప్లాట్లవుతున్న కాలమది, కాబట్టి ఆమె మాటకు ఊళ్లో ఎదురు లేదు. ఆమెకూ నాకూ మొదటి రోజు నుంచే పడలేదు. బోరు నీళ్లకూ, బట్టలారేసే దండేనికీ, ఆదివారం మా గదికి ప్రార్థనకు వచ్చినవాళ్లు వాకిట్లో విడిచిన చెప్పులకూ ఆమె నోరు లేచేది, నా నోరేమీ తక్కువదని నేను అనను. వారపత్రిక దగ్గర మాత్రం ఇద్దరం కాస్త తగ్గి ఉండాల్సి వచ్చేది, ఆ వాకిట్లోని కాపురాలన్నిటికీ కలిపి వచ్చేది ఒకే ఒక్క ప్రతి కనుక.

దానికొక పద్ధతి ఉండేది. ఇల్లు ఆమెది కనుక ముందు ఓనరమ్మ చదవాలి, తర్వాత ఆమె కొత్త కోడలు, ఆ తర్వాత వెనక వాటాలవాళ్లు, అలా చేతులు మారి మారి, చమురు మరకలూ దోసెపిండి వేలిముద్రలూ అంటించుకుని చివరికి మా గదికి వచ్చేది. ఆఖరున చదివేవాళ్లకు ఒక హక్కు ఉండేది, సీరియల్ పేజీలు చింపి దాచుకోవడం. అమ్మకు అక్షరం రాదు. నేను డ్యూటీ నుంచి వచ్చి చదివి వినిపిస్తే, ఆ పేజీలను ఒళ్లో పెట్టుకుని చేత్తో సాపు చేసి, బియ్యం డబ్బా కింద పెట్టి, సీరియల్ అయిపోయాక దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో పాత క్యాలెండర్ అట్ట అంటించేది. కథ పేజీ తిప్పితే వెనక సగం వంకాయ కూర, సగం రాశిఫలాలు, ఒక తలనూనె ప్రకటన. అలాంటి పుస్తకాలను అమ్మ పక్క వీధుల్లోకి కూడా చదువుకోమని ఇచ్చేది, తిరిగి రాకపోతే వాళ్ల గుమ్మంలో కూర్చుని మరీ తెచ్చుకునేది.

ఆ ఏడు వచ్చిన సీరియల్ అత్తింట్లో నోరెత్తని ఒక పిల్ల కథ. వారం వారం దాని కష్టాలు విని అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకునేది. చివరికి మొగుడు మారతాడు, అంతా కలిసిపోతారు, అన్ని కథలూ ఇంతే అని నేను వాదించేదాన్ని. అమ్మ ఒప్పుకోలేదు. "అది పోతది చూడు బిడ్డా, పెట్టె సదురుకొని పోతది" అనేది. ఆఖరి సంచిక మా గదికి వచ్చిన రోజున అమ్మ అన్నం కూడా వద్దని లాంతరు దగ్గరికి జరిగి కూర్చుంది, ఎప్పటిలాగే కరెంటు లేదు. సగం చదివి పేజీ తిప్పితే ఆఖరి కాగితం లేదు.

వెళ్లి అడిగితే ఓనరమ్మ నా మొహం కూడా చూడకుండా "నాకేమెరుక, ఎలుక కొట్టిందేమో" అంది. ఏ ఎలుకైనా స్కేలు పెట్టి గీసినట్టు కొడుతుందా? ఆ రోజు నేనన్న మాటలకు వాకిలంతా గుమిగూడింది, ఆ నెలాఖరుకే మేం గది ఖాళీ చేశాం. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర పత్రికలు అమ్మే కొట్టులో అడిగితే ఆ సంచిక వచ్చిన రోజే అయిపోయిందన్నారు. చిత్తుకాగితాల దుకాణాల్లో దుమ్ము తిని తిని దగ్గు తెచ్చుకున్నాను. దవాఖానాలో ఒక సిస్టరు వాళ్లు కలిసిపోయారని చెప్పింది, ఇంకొకామె లేదు, ఆ పిల్ల వెళ్లిపోయిందని ఒట్టేసింది. అదే వచ్చి అమ్మకు చెబితే, "వాళ్ల నోటిమాట నాకెందుకు, రాసింది చదువు" అని మొహం తిప్పుకుంది. ఆ తర్వాత ఆ పత్రికే మూతపడింది. అమ్మ ఆ పుస్తకాన్ని ఆఖరి కాగితం లేకుండానే కుట్టింది, వెనక అట్ట మాత్రం అంటించలేదు. మంచం పట్టాక కూడా నేను బయటి నుంచి వస్తే మందుల కన్నా ముందు "ఆ కాగితం దొర్కిందా" అని అడిగేది. దొరకకుండానే పోయింది.

అసోసియేషన్ మెసేజ్ వచ్చిన మూడోరోజు కళ్లద్దాలు మార్పించుకుందామని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. మెట్రో దిగితే ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే, పుస్తకమంటే ఇప్పుడక్కడ పరీక్ష పుస్తకమే. అద్దాల దుకాణంలో బల్ల మీద ఓనరమ్మ కూర్చుని ఉంది. బాగా ముసలిదైంది, కానీ గడ్డం పైకెత్తి చూసే ఆ తీరు మారలేదు. పక్కన ఆ కోడలు, తల నెరిసిపోయి, ఫోన్లో వేలు తోస్తూ ఉంది. ఓనరమ్మ నన్ను గుర్తుపట్టి "ఏంది సిస్టరమ్మా, మంచిగున్నవా" అని నవ్వింది. నేను నవ్వలేదు. మంచీచెడూ పక్కన పెట్టి, ఆ కాగితం ఎందుకు చింపావని అడిగేశాను.

ఎలుక మాట మళ్లీ ఎత్తుతుందేమో అనుకున్నాను. ఆమె తడుముకోలేదు.

"చింపిన. ఆ పిల్ల పెట్టె సదురుకొని ఇల్లొదిలి పోయినట్టు రాసిండు వాడెవడో. మా కోడలు గప్పుడే కొత్తగ ఒచ్చింది. అది చదివితే ఎట్ల?"

అమ్మ చెప్పిందే నిజం. ఆ మాట వినడానికి అమ్మ లేదు. మా అమ్మ దాని కోసం అడిగి అడిగి పోయిందని చెప్పాను. నా గొంతు కాస్త పైకి లేచినట్టుంది, ఓనరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, కోడలి వైపు కళ్లతో చూపించి, "జర మెల్లగ మాట్లాడు, ఈడనే ఉన్నది" అంది. అమ్మ కుట్టిన ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉందా అని అడిగి, ఉంటే ఎవరికీ ఇవ్వొద్దని కూడా చెప్పింది. కోడలు తల ఎత్తలేదు, ఫోన్లో ఎవరో వంట చేస్తున్నారు.

నేను ఆమెను క్షమించానని ఎవరూ అనుకోవద్దు. ఒక ముసలి ప్రాణానికి ఆమె మిగిల్చిన కొరత నా కళ్లముందే ఉంది. ఇంటికి వచ్చేసరికి లిఫ్టు పక్కన కొత్త ర్యాక్ నిలబడి ఉంది, నా పుస్తకాలను ఎవరో గోడవారగా పేర్చి పెట్టారు. అక్కడే నేలమీద కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూశాను. పిండి మరక లేదు, మూల మడత లేదు, ఒక్క కాగితం చిరగలేదు. ఒక కాగితం కోసం మా అమ్మ చచ్చేదాకా అడిగింది, ఆ కాగితానికే ఓనరమ్మ ఈ వయసులో కూడా భయపడుతోంది. ఇన్ని ఫ్లాట్లున్న ఈ భవంతిలో నా పుస్తకాల దగ్గరికి, చింపడానికైనా, ఒక్కరూ రాలేదు.